గ్లాసు వెనుక ల్యాబు: క్రాఫ్ట్ బీరు తయారీలో కెరీర్ ఎలా ఉంటుంది?

హైదరాబాద్, బెంగళూరుల్లో మైక్రో బ్రూవరీలు పెరిగాయి. వాటి బోర్డులు, లైట్లు, వీకెండ్ రద్దీ అందరికీ తెలుసు. అద్దం వెనుక మెరిసే స్టీల్ ట్యాంకుల దగ్గర పనిచేసేది ఎవరు? ఆ పనికి ఏం చదవాలి? మంచి బీరుకీ, మామూలు బీరుకీ తేడా ఎక్కడ వస్తుంది? కెమికల్, బయోటెక్, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులివి.

మా బీటెక్ బ్యాచ్‌లో ఒకడికి క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది. జాయినింగ్ డేట్ మాత్రం రాలేదు. ఏడు నెలలు మెయిల్స్ రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చున్నాడు. వాడిది కెమికల్ ఇంజినీరింగ్. చివరికి హైదరాబాద్‌లోని ఓ మైక్రో బ్రూవరీలో ట్రెయినీగా చేరాడు. ఇంట్లో మాత్రం ‘ఫుడ్ కంపెనీ’ అని చెప్పాడు.

ఓ మంగళవారం ఉదయం ఏడింటికి వాడి దగ్గరకు వెళ్లాను. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ల పైపు, కళ్లకు గాగుల్స్. ‘మామా, అందరూ ఇది బీరు తాగే ఉద్యోగం అనుకుంటారు. అసలు ఇది గిన్నెలు తోమే ఉద్యోగం’ అన్నాడు నవ్వుతూ. ఆ రోజు ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు ఐదు గంటలు కడగడానికే సరిపోయింది. మొదట వేడి కాస్టిక్ సోడా ద్రావణం, తర్వాత యాసిడ్, చివర్లో పెరాసిటిక్ యాసిడ్‌తో శానిటైజేషన్. వీటి మధ్యలో నీళ్లతో కడగడాలు. మంచి బీరు రహస్యం ఏంటని అడిగితే వాడు మొదట చూపించింది ఈ పైపునే.

ఎలా మొదలైంది?

మన దేశంలో ఈ తరహా బ్రూవరీలకు ఊపు వచ్చింది పదిహేనేళ్లుగానే. పుణెలో 2009లో డూలాలీ, బెంగళూరులో 2010లో టాయిట్ మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రో బ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లోనూ ఒక్కొక్కటిగా వెలిశాయి. మైక్రో బ్రూవరీ అంటే అక్కడే కాచి, అక్కడే గ్లాసులో పోసే చోటు. సీసాలో నెలల తరబడి నిల్వ ఉండాల్సిన పని లేదు. అందుకే చాలాచోట్ల వడపోత తక్కువ, పాశ్చరైజేషన్ ఉండదు. ఏదైనా తప్పు జరిగితే కప్పిపుచ్చే దారీ ఉండదు.

నాలుగే సరుకులు

నీళ్లు, మాల్ట్, హాప్స్, ఈస్ట్. జర్మనీలోని బవేరియాలో 1516లో చేసిన ప్రసిద్ధ చట్టం నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప మరేదీ వాడొద్దంది. అందులో ఈస్ట్ పేరే లేదు. అది ఒక సూక్ష్మజీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు!

మాల్ట్: రాగి మాల్ట్ మనకు కొత్త కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తాం. బార్లీకీ అదే పద్ధతి. మొలకెత్తినప్పుడు గింజలో ఎంజైమ్‌లు పుడతాయి. ఈ మాల్ట్‌ని పగలగొట్టి దాదాపు 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే ఆ ఎంజైమ్‌లు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఇక్కడ రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫలితం మారిపోతుంది. 62, 63 దగ్గర ఉంచితే ఈస్ట్ సులువుగా తినే చక్కెరలు ఎక్కువ, బీరు పల్చగా, పొడిగా వస్తుంది. 69, 70 దగ్గరైతే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి చిక్కగా ఉంటుంది.

నీళ్లు: చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్ ఊరి నీళ్లు చాలా మృదువు. అందుకే అక్కడ లేత పసుపు లాగర్ పుట్టింది. ఇంగ్లండ్‌లోని బర్టన్ నీళ్లలో సల్ఫేట్ ఎక్కువ. హాప్స్ చేదు అందులో స్పష్టంగా తెలుస్తుంది. మన బోరు నీళ్ల కాఠిన్యం సంగతి గీజర్ రాడ్డు చూసినా తెలుస్తుంది. కాబట్టి ఆర్‌వో నీళ్లు తీసుకుని, కాల్షియం క్లోరైడ్, జిప్సం లెక్క ప్రకారం కలుపుతారు.

హాప్స్: ఒక తీగ మొక్క పూలు. వోర్ట్ అనే తీపి ద్రవంలో వీటిని గంటపాటు మరిగిస్తే చేదు వస్తుంది. చివర్లో వేస్తే చేదు తక్కువ, సువాసన ఎక్కువ. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండుతాయి కానీ, క్రాఫ్ట్ బ్రూవరీలు ఎక్కువగా దిగుమతి సరుకు మీదే ఆధారపడతాయి.

ఈస్ట్: అసలు పని చేసేది ఇదే. కల్లు కుండలో గాలి నుంచి, కుండ నుంచి చేరిన ఈస్ట్ తనంతట తానే పులియబెడుతుంది. అందుకే పొద్దున రుచి సాయంత్రానికి ఉండదు. బ్రూవరీలో ఎంచుకున్న ఒకే రకం ఈస్ట్, లెక్కపెట్టిన కణాలు, అదుపులో ఉన్న ఉష్ణోగ్రత. ఏల్ రకాలకు 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్‌కు 8 నుంచి 12. గోధుమ బీరులో వచ్చే అరటిపండు, లవంగం వాసనలు ఎవరో కలిపినవి కావు. ఆ ఈస్ట్ తయారుచేసినవే.

ముక్కు కూడా ఒక సెన్సరే

కోడ్‌లో బగ్ ఉంటే ఎర్రర్ మెసేజ్ వస్తుంది. బీరులో బగ్ ఉంటే వాసన వస్తుంది.

* వెన్న, బటర్ పాప్‌కార్న్ వాసన: డయాసిటైల్. ఈస్ట్ పని ముగించకముందే చల్లబరిచారనో, బ్యాక్టీరియా చేరిందనో అర్థం.
* పచ్చి ఆపిల్ వాసన: ఎసిటాల్డిహైడ్. తొందరపడి ట్యాంకు నుంచి తీశారు.
* ఉడికిన మొక్కజొన్న వాసన: డీఎంఎస్. మరిగించడం చాల్లేదు.
* తడి అట్టపెట్టె వాసన: ఆక్సిజన్ తగిలింది, లేదా పాతబడింది.
* అనుకోని పులుపు: శుభ్రత లోపం.

మా వాడికి ఈ చివరిది స్వయంగా ఎదురైంది. చేరిన మూడో నెలలో 500 లీటర్ల గోధుమ బీరు. ఐదో రోజు శాంపిల్ తీస్తే పీహెచ్ 4.2 దగ్గర ఆగాల్సింది 3.6 చూపించింది. రుచి చూస్తే పులుపు. గోధుమ బీరులో హాప్స్ తక్కువ కాబట్టి లాక్టిక్ బ్యాక్టీరియాకు అడ్డు తక్కువ. వెతికితే తేలిందేంటంటే, శాంపిల్ వాల్వ్ లోపలి రబ్బరు గ్యాస్కెట్‌ని విప్పి కడగలేదు. ఆ డ్యూటీ వాడిదే. లాగ్ షీట్‌లో మాత్రం ‘క్లీన్డ్’ అని టిక్ పెట్టి ఉంది.

‘రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి హెడ్ బ్రూవర్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశా. ఉద్యోగం పోతుందనుకున్నా’ అన్నాడు. ఆయన తిట్టాడు, బాగానే తిట్టాడు. 500 లీటర్లూ పారబోయించాడు. తర్వాత ఒకే మాట అన్నాడట: ‘వాల్వ్ కడగకపోవడం తప్పు. కడగకుండా టిక్ పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఇప్పుడు చెప్పావు కాబట్టి ఉంచుతున్నా.’ ఇప్పుడు ఆ గ్యాస్కెట్ మార్పు తేదీలు వాడు తయారుచేసిన స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నాయి.

మీ సిలబస్‌లోనే ఉంది

మనం చదివే చాలా పాఠాలు బ్రూవరీల్లోంచి వచ్చినవే. స్టాటిస్టిక్స్‌లో ‘స్టూడెంట్స్ టీ టెస్ట్’ గుర్తుందా? దాన్ని కనిపెట్టిన విలియం గాసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. తక్కువ శాంపిల్స్‌తో సరైన నిర్ణయానికి ఎలా రావాలన్నది ఆయన రోజువారీ సమస్య. సొంత పేరుతో పేపర్లు ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో 1908లో ‘స్టూడెంట్’ అనే పేరుతో వేశారు. పీహెచ్ స్కేలుని 1909లో ప్రతిపాదించిన సోరెన్‌సెన్ పనిచేసింది కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో. అదే ల్యాబ్‌లో ఎమిల్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ని పెంచారు. ఎనర్జీ యూనిట్‌గా మారిన జేమ్స్ జౌల్‌దీ బ్రూవరీ నడిపిన కుటుంబమే.

చిన్న లెక్క చూడండి. పులియకముందు వోర్ట్ స్పెసిఫిక్ గ్రావిటీ 1.048, పులిశాక 1.010. తేడా 0.038. దాన్ని 131.25తో గుణిస్తే దాదాపు 5. అదే ఆల్కహాల్ శాతం. ఇక హీట్ ఎక్స్‌ఛేంజర్, గ్లైకాల్ చిల్లర్, పంపులు, టెంపరేచర్ సెన్సర్లు, పీఎల్‌సీ కంట్రోల్... మెకానికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకూ ఇక్కడ పని ఉంది.

ఏం చదవాలి?

కెమికల్ ఇంజినీరింగ్, బయోటెక్, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ, కెమిస్ట్రీ డిగ్రీలు నేరుగా పనికొస్తాయి. డిగ్రీ తర్వాత స్పెషలైజేషన్ కావాలంటే కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ ఫెర్మెంటేషన్, ఆల్కహాల్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా ఉంది. విదేశాల్లో ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్ యూనివర్సిటీ, జర్మనీలో టీయూ మ్యూనిక్ వారి వైహెన్‌స్టెఫాన్ క్యాంపస్, బెర్లిన్‌లోని వీఎల్‌బీ ఈ రంగంలో పేరున్నవి. ఉద్యోగం చేస్తూనే రాయాలంటే లండన్ కేంద్రంగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ పరీక్షలున్నాయి. ఫీజులు, అర్హతలు మారుతుంటాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. లక్షలు పోసి విదేశీ కోర్సులో చేరేముందు ఆరు నెలలైనా ఇక్కడ ట్రెయినీగా పనిచేసి చూడటం మేలు.

మైక్రో బ్రూవరీలో టీమ్ చిన్నది. ఇద్దరు ముగ్గురే ఉంటారు, ఖాళీలూ తక్కువే. పెద్ద ప్లాంట్లలో క్వాలిటీ, ప్రొడక్షన్, యుటిలిటీస్ విభాగాలుంటాయి. సంగారెడ్డి జిల్లాలో, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర అలాంటివి ఉన్నాయి. ఇంకో ముఖ్యమైన విషయం: ఫెర్మెంటేషన్ నైపుణ్యం బీరుతోనే ఆగిపోదు. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా తయారైంది కూడా ఒక రకం ఈస్ట్‌లోనే. టీకాలు, ఎంజైమ్‌లు, డెయిరీ, ఫార్మా... స్టెరైల్‌గా పనిచేయడం, లాగ్ రాయడం వచ్చినవాళ్లు అన్నిచోట్లా కావాలి.

ఇవీ తెలుసుకోండి

* శారీరక శ్రమ ఎక్కువ. పాతిక కిలోల మాల్ట్ బస్తాలు మోయాలి. పండగలు, వీకెండ్లలోనే రద్దీ.
* ప్రమాదాలున్నాయి. వేడి ద్రవాలు, కాస్టిక్, మూసిన గదిలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. భద్రతా శిక్షణ ఇస్తారా అని ఇంటర్వ్యూలోనే అడగండి.
* వ్యాపారం ఎక్సైజ్ పాలసీ మీద ఆధారపడి ఉంటుంది. గుజరాత్, బిహార్‌లలో మద్య నిషేధం ఉంది. నియమాలు మారితే ఉద్యోగాల మీద ప్రభావం పడుతుంది.
* తెలుగు రాష్ట్రాల్లో మద్యం తాగడానికి కనీస వయసు 21. బీరు ‘లైట్’ అనుకోవద్దు, అదీ ఆల్కహాలే. మంచి బ్రూవర్ రుచి చూసేది గుక్కెడే. మందు అలవాటున్నవాళ్లకు, ఇంట్లో ఆ సమస్య చూసినవాళ్లకు ఈ రంగం వద్దనే మా వాడి సలహా.

ఈ వారం ఏం చేయొచ్చంటే, మీ కాలేజీ ల్యాబ్‌లో చక్కెర ద్రావణంలో బేకరీ ఈస్ట్ వేసి, 20, 30, 40 డిగ్రీల దగ్గర ఎంత గ్యాస్ వస్తుందో కొలవండి. మూడుసార్లు చేయండి. లెక్కలు రాయండి, తప్పిన రీడింగులూ దాచకుండా రాయండి. రెజ్యూమెలో ‘ఫెర్మెంటేషన్ మీద ఆసక్తి’ అనే లైను కంటే ఆ ఒక్క పేజీకే ఇంటర్వ్యూలో విలువెక్కువ.

మా వాడు కిందటి సంక్రాంతికి ఇంట్లో నిజం చెప్పేశాడు. వాళ్లమ్మ కాసేపు మాట్లాడలేదట. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: ‘నువ్వు తాగుతావా?’ ‘గుక్క నోట్లో వేసుకుని చూస్తానమ్మా, అదే పని’ అన్నాడు. రెండో ప్రశ్న: ‘మరి రోజంతా ఏం చేస్తావురా?’ ‘కడుగుతానమ్మా’ అన్నాడు. ‘ఇంట్లో ఒక్కరోజూ కంచం కడగలేదు కదరా’ అందట ఆవిడ.