పాట వయసెంత, అడుగు వయసెంత?

చౌమహల్లాలోనో గోల్కొండలోనో నాట్య ప్రదర్శన పెట్టారంటే యాంకరు నోట ఒక మాట రాక తప్పదు: "నాలుగు వందల ఏళ్ల కిందట కుతుబ్‌షాహీ కొలువులో ఆడిన నాట్యం, అచ్చం అలాగే, మీ కళ్ల ముందు!" చప్పట్లు. చౌమహల్లా కట్టింది కుతుబ్‌షాహీలు కాదు, తర్వాత వచ్చిన అసఫ్‌జాహీలు. సరే, పోనీండి. తారామతి అనే నర్తకి తన బారాదరి నుంచి కోట దాకా తాడు మీద ఆడుతూ వెళ్లేదన్న కథనూ అదే ఊపులో వదులుతారు. కిలోమీటరుకు పైగా కట్టిన తాడు మధ్యలో ఎంత కుంగుతుందో ఇంటర్ ఫిజిక్స్ పిల్లాడినడిగినా చెబుతాడు. ఆ తాడుతో నాకు పేచీ లేదు. "అచ్చం అలాగే" దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఏ నాట్యంలోనైనా మాట, వరస, అడుగు ఉంటాయి. మూడూ ఒకే ఈడువి కానక్కర్లేదు.

చార్మినార్ కట్టింది 1591లో. అంతకు రెండేళ్ల ముందు, యూరప్‌లో రినైజాన్స్ ఇంకా నడుస్తుండగా, ఫ్రాన్స్‌లోని లాంగ్ర్ అనే ఊళ్లో ఓ ముసలి మతగురువు తువానో ఆర్బో అన్న మారుపేరుతో 'ఆర్కెసోగ్రఫీ' అచ్చువేయించాడు. కాప్రియోల్ అనే కుర్ర లాయరు డాన్సు నేర్పమంటాడు, గురువు నేర్పుతాడు. పుస్తకమంతా ఆ సంభాషణే. అందులో ఒక చమత్కారం ఉంది. స్వరాలను నిలువుగా అచ్చువేసి, ఏ స్వరానికి ఏ కాలో పక్కనే రాశాడు. పవాన్ అనే నాట్యం చూడండి. డోలు మీద ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టివి: ఢాం, డక డక. ఎడమకాలు ముందుకు వేసి కుడికాలు దాని పక్కకు చేర్చాలి. తర్వాత కుడికాలు వేసి ఎడమది చేర్చాలి. ఆపైన ఎడమ, కుడి, ఎడమ, వరసగా మూడడుగులు వేసి చేర్చాలి. మళ్లీ మొదలు. బరాత్‌లో మర్ఫాకు ఎగిరే పాతబస్తీ కాళ్లకు ఇది ఆవులింతలొచ్చేంత నెమ్మది. అయినా ఇవాళ ఆ పుస్తకం తెరిచి మీరూ నేనూ ఆడేయొచ్చు.

1926లో పీటర్ వార్లాక్ (ఇదీ మారుపేరే) ఆ పుస్తకంలోని వరసలు తీసుకుని 'కాప్రియోల్ సూట్' రాశాడు. ఆరు ముక్కలు, అన్నీ కలిపి పది నిమిషాలు. 1930లో ఫ్రెడరిక్ ఆష్టన్ లండన్‌లో దానికి చిన్న బ్యాలే కట్టాడు. పాత పట్టుచీర చివికిపోతే జరీ అంచు విప్పి కొత్త గుడ్డకు వేయిస్తారే, సరిగ్గా ఆ పని. అంచు అమ్మమ్మది, గుడ్డ నిన్న కొన్నది. వార్లాక్ కుట్టు కనబడకుండా దాచనూ లేదు. చివరి ముక్క కత్తుల నాట్యం. దాని ముగింపులో స్వరాలు ఒకదాన్నొకటి గీరుకుంటూ కర్ణకఠోరంగా మోగుతాయి. ఆర్బో వింటే చెవులు మూసుకునేవాడు. వేరే రంగు దారంతో కావాలనే కుట్టాడన్నమాట. ఇక ఆష్టన్ అడుగులంటారా, అవి కొంగు చివర కొత్తగా వేసిన కుచ్చులు. జరీ సాగదు గానీ నా పోలిక సాగుతోంది, ఇక్కడితో ఆపుతాను.

మన దగ్గర వ్యవహారం తిరగబడింది. గోల్కొండ పాదుషా కొలువులో 1500 పదాలు చెప్పానని క్షేత్రయ్య పదమే చెబుతోంది. మధుర, తంజావూరు లెక్కలు కూడా కలిపితే నాలుగు వేలు దాటుతాయి. మిగిలింది అందులో పదోవంతుకు మించదు. ఆ మిగిలినవాటికైనా మాట ఉంది, రాగం పేరుంది, తాళం పేరుంది, వరస మాత్రం ఆనాడు ఎవరూ రాసిపెట్టలేదు. తాటాకు సాహిత్యాన్ని మోసింది, స్వరాన్ని గొంతులు మోశాయి. 1904లో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో కొన్ని పదాలకు స్వరం రాసేసరికి సుమారు రెండున్నర శతాబ్దాలు గడిచిపోయాయి. అన్నేళ్లూ ఆ పదాలను బతికించింది దేవదాసీలు. లోకం వాళ్లనేమన్నా, పదం వాళ్ల నోటి సొత్తు. గొంతు మారినప్పుడల్లా ఒక గమకం పెరిగి ఉంటుంది, ఒకటి జారి ఉంటుంది. ఇక కూచిపూడి వేదిక మీద పదానికి పట్టే అభినయాన్ని చాలాసార్లు మన కాలపు గురువులే కూర్చారు.

అయితే ఇదంతా మోసమా అని అడుగుతారు. కాదు. నాట్యంలో మోసం లేదు, యాంకరు మైకులో ఉంది.

అసలు విడ్డూరం చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాది. ఆయన దక్కనీలో రాసిన 'పియా బాజ్ ప్యాలా' గజల్ పేరెత్తగానే చాలామంది ఒకే బాణీలో కూనిరాగం అందుకుంటారు. అది శ్యామ్ బెనెగల్ 'నిశాంత్' సినిమాలో ప్రీతి సాగర్ పాడింది. ట్యూన్ కట్టినవాడు వన్‌రాజ్ భాటియా, లండన్‌లోనూ పారిస్‌లోనూ పాశ్చాత్య సంగీతం చదువుకొచ్చిన బొంబాయివాసి. ఆ సినిమా 1975లో వచ్చింది.