మంగుమచ్చలకు ఇంటివైద్యం: పూత ఫలితమా? ఋతువు ఫలితమా?

బుగ్గలు, నుదురు, పైపెదవి మీద గోధుమ లేదా నలుపు రంగులో వ్యాపించే మచ్చలను తెలుగువారు ‘మంగు’ అంటారు. ఆధునిక వైద్యంలో దీని పేరు మెలాస్మా. సుశ్రుతసంహిత నిదానస్థానం దీనికి సన్నిహితమైన ‘వ్యంగ’ను క్షుద్రరోగాలలో చేర్చి, క్రోధం, ఆయాసం దానికి హేతువులని చెప్పింది. సూర్యరశ్మి, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం నేడు గుర్తించిన ప్రధాన కారణాలు. మంగు ప్రాణాంతకం కాదు. అయినా నలుగురిలో తలెత్తుకోనివ్వని మచ్చ కనుక, వైద్యుని కంటె ముందు వంటింటినే ఆశ్రయించడం సహజం.

ఈ అంశాన్ని పరిశీలించడానికి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేట ప్రాంతం అనువైనది. 1930లో ప్రథమ ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది ఇక్కడే. జనుల తిండి, కట్టు, అలంకరణ చరిత్రకు ఆధారాలేనని ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో నిరూపించినదీ ఆయనే. ఆ దృష్టితో చూస్తే ముఖానికి పూసే శనగపిండి కూడా అధ్యయనార్హమే. ఈ ప్రాంతపు పల్లెల్లో ఎండలో పొలంపని ఉంటుంది. పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో బాయిలర్ల వద్ద పని ఉంటుంది. ఎండ మంగును పెంచుతుందన్నది నిర్వివాదం. వేడి కూడా దానికి తోడవుతుందని చర్మవైద్యులు భావిస్తున్నారు.

మంగు ఎండకాలంలో ముదిరి, వానకాలం, చలికాలాల్లో కొంత వెలిసిపోతుంది. వైశాఖంలో మొదలుపెట్టిన పూతకు భాద్రపదంలో ఫలితం కనిపిస్తే ఆ ఘనత పూతదా, మబ్బుదా? పరిశోధన పరిభాషలో ఇది నియంత్రణ లేని ప్రయోగం. హానిలేని పదార్థాన్ని ఒక బుగ్గకు మాత్రమే రాసి, రెండవ బుగ్గను వదిలి, ఒకే వెలుతురులో తీసిన ఛాయాచిత్రాలతో రెండు మూడు నెలల తరువాత పోల్చితే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. చర్మపు పైపొర మారడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది కనుక వారం రోజుల తీర్పులకు విలువ లేదు.

పదార్థాలలో నిమ్మరసం అత్యంత ప్రమాదకరం. చర్మపు ఆమ్లత సూచిక సుమారు 5 కాగా, నిమ్మరసానిది 2 ప్రాంతంలో ఉంటుంది. ఆ గాఢత చర్మాన్ని మండిస్తుంది. పైగా నిమ్మజాతిలోని ఫ్యూరోకూమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి కొత్త నలుపును మిగులుస్తాయి. చామనఛాయ చర్మంలో ఏ మంట అయినా మానిన తరువాత నలుపుగా నిలిచే అవకాశం ఎక్కువ. పీచుతో గట్టిగా రుద్దినా జరిగేది అదే. పసుపులోని కర్‌క్యుమిన్, వర్ణకాన్ని తయారుచేసే టైరోసినేజ్ ఎంజైమును ప్రయోగశాలలో అడ్డుకొన్నప్పటికీ, చర్మంలోనికి స్వల్పంగానే ఇంకుతుంది. అతిమధురంలోని గ్లాబ్రిడిన్ కొంత ఆశాజనకమైనదే కాని, ఇంట్లో నూరిన పొడిలో దాని మోతాదు తెలియదు. పెరుగు, శనగపిండి మృతకణాలను తొలగించి తాత్కాలికంగా నిగారింపునిస్తాయి. ఆలుగడ్డ రసం గురించి అంతకు మించి చెప్పవలసినది లేదు.

ముఖంపై ప్రతి నలుపూ మంగు కాదు. కుంకుమలోని కృత్రిమ రంగులు, జుట్టు రంగులోని రసాయనాలు పడనివారిలో దురద కూడా లేకుండానే నలుపు రావచ్చు. అక్కడ కావలసినది పూత కాదు, ఆ వస్తువును మానడం. రసాయన కర్మాగారాలున్న ప్రాంతంలో రోగి వృత్తిని అడగకుండా కారణాన్ని నిర్ణయించడం తొందరపాటే. మెడ, కణతలపై మందంగా, మఖమలులా కనిపించే నలుపు ఇన్సులిన్ సక్రమంగా పనిచేయడం లేదనడానికి సూచన కావచ్చు. దానికి శనగపిండి రాస్తూ కూర్చుంటే మధుమేహ పరీక్ష ఆలస్యమవుతుంది.

వంటింటి పూత విఫలమైన తరువాతి మజిలీ తరచుగా మందుల దుకాణం. స్టెరాయిడ్ కలిసిన క్రీము మొదట మచ్చను వేగంగా వెలిసేలా చేస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడి, ఎర్రబారి, మొటిమలు లేచి, మానగానే మంగు మరింత ముదురుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ తప్పనిసరి చేసే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఇంటివైద్యాన్ని ఎగతాళి చేసేవారు గమనించవలసిన సంగతి ఇది: శనగపిండి మేలు చేయకపోయినా ఇంత కీడు చేయదు.

ఇంటివద్ద చేయగలిగినదానిలో బలమైన ఆధారమున్నది నీడ ఒక్కటే. పొలానికి వెళ్లేటప్పుడు ముఖం చుట్టూ కట్టుకొనే కొంగు, అంచు వెడల్పైన టోపీ ఏ పూతకన్నా మిన్న. అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది కనుక, సన్‌స్క్రీన్ కొనగలిగినవారు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు రకాన్ని ఎంచుకోవడం ఉచితం. గర్భధారణతో వచ్చిన మంగు కాన్పు తరువాత కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గవచ్చు.