మందలో సగం పొట్టేలే

(బి.ఎస్సీ., ద్వితీయ సంవత్సరం)

పోయినేడు సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు బాపు ముఖం చూడగానే తెలిసింది, మందకు ఏదో అయిందని. సిద్దిపేట వైపు మాకు రెండెకరాల మెట్టచేను, నలభై గొర్రెలు ఉన్నాయి. ఆ ఈతలో పుట్టిన పిల్లల్లో చాలావరకు నెల తిరగకముందే చచ్చిపోయాయి. మిగిలినవి లేచి తల్లి పాలు తాగలేకపోతున్నాయి. మంద అమ్మేసి పట్నం వచ్చి ఆటో నడుపుతానన్నాడు బాపు.

ఆ ఆదివారమే మా ఊళ్ళో ఉచిత పశువైద్య శిబిరం జరిగింది. ఇద్దరు డాక్టర్లు సెలవు రోజున, సొంత ఖర్చుతో వచ్చారు.

"ఓ సూది ఏస్తే అయిపాయె గద, డాక్టరమ్మా!" అన్నాడు బాపు.

ఆమె పిల్లల కళ్ళు, నోళ్ళు, పెంటికలు చూసింది. తర్వాత సూది తీయకుండా ఒక ప్రశ్న వేసింది: "ఈ పొట్టేలు మీ మందల ఎన్నేండ్ల సంది ఉన్నది, పెద్దయ్యా?"

"ఆరేండ్లు!" అన్నాడు బాపు గర్వంగా.

అసలు లోపం ఆ గర్వంలోనే ఉంది. ఆడపిల్ల ఏడాది అటూఇటూగా ఎదకు వస్తుంది. చూలు ఐదు నెలలు. అంటే రెండేళ్ళు దాటితే పొట్టేలు తన కూతుళ్ళనే దాటుతుంది. అలా పుట్టిన పిల్లలో ఏ జన్యువును తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఆ పొట్టేలు దగ్గరున్న ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మామూలుగా దాగి ఉండే లోపాలు అప్పుడు బయటపడతాయి. పిల్ల బలహీనంగా పుడుతుంది, ఎదుగుదల తగ్గుతుంది. క్లాసులో మార్కుల కోసం చదివిన మెండెల్ మా దొడ్లో కనిపించాడు! చదువుకున్న నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

ఒక గొర్రె ఏడాదికి ఒకటో రెండో పిల్లలనిస్తుంది. పొట్టేలు మందలోని పిల్లలన్నిటికీ తండ్రి. కనుక డాక్టరమ్మ చెప్పిన సూత్రాలు సులువైనవే: పాతిక గొర్రెలకు ఒక మంచి పొట్టేలు, రెండేళ్ళకోసారి దాన్ని మార్చడం, పనికిరాని పోతులకు విత్తులు కొట్టించడం, ఏ పిల్ల ఎవరిదో రాసిపెట్టుకోవడం.

మార్చమన్నారు కదా అని సంతలో ఎత్తుగా కనిపించినదాన్ని తోలుకురావడమూ పొరపాటే. మన నల్ల దక్కని గొర్రె కరువు నేలకు, దూరపు నడకకు అలవాటు పడింది. ఏడాదికి రెండుసార్లు దాని ఉన్ని కత్తిరిస్తారు. మా అవ్వ కప్పుకునే గొంగడి ఆ ఉన్నితో కురుమలు నేసిందే. నెల్లూరు జాతి బరువెక్కుతుంది, మాంసానికి ధర పలుకుతుంది, కానీ ఉన్ని ఇవ్వదు. 2017లో మొదలైన పథకం కింద తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. జీవాలను ఎక్కువగా పక్క రాష్ట్రాల్లో కొన్నారు. ఆదాయం కావాలి, నిజమే. కానీ అన్నీ కలగలిస్తే దక్కని జాతి మిగులుతుందా? పెరూ దేశపు కొండల్లో స్పానిష్ వారి ఆక్రమణ తర్వాత లామా, అల్పాకా జాతులు కలగలిసి, పూర్వపు సన్నని ఉన్ని ముతకబారిందని శాస్త్రజ్ఞులు అంటున్నారు. పోయిన గుణాన్ని తిరిగి తేవడం తరాల పని.

మరి స్వచ్ఛంద వైద్యుల పాత్ర ఏమిటి? వైద్యుడు ఆదివారం వస్తాడు, చిటుక రోగం మంగళవారం వస్తుంది! కాబట్టి సూది కన్నా తెలివిడి ఇచ్చిపోవడమే పెద్ద సేవ. 1992లో మహిళా పశువైద్యులు ప్రారంభించిన 'ఆంత్ర' సంస్థ తెలంగాణ పల్లెల్లో చేసింది ఇదే: ఊరివాళ్ళకే ప్రథమ చికిత్స నేర్పింది, కాపరుల అనుభవాన్నీ గౌరవించింది. అలాగని ప్రభుత్వ పశువైద్యశాల బాధ్యత తీరిపోదు. వానలకు ముందు టీకాలు, నట్టల మందు సకాలంలో అందవలసింది అక్కడి నుంచే.

బాపు ఆ పొట్టేలును అమ్మిన రాత్రి అన్నం తినలేదు. తర్వాత పక్క ఊరి కురుమ పెద్దాయన మంద నుంచి దక్కని పొట్టేలును తెచ్చాడు. ఈ ఈతలో పిల్లలు లేచి గంతులు వేస్తున్నాయి. ఈతల పుస్తకం నేను రాస్తున్నాను. ఆటో మాట బాపు మళ్ళీ ఎత్తలేదు.

మిత్రులారా! మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. ఈసారి ఒక పశువైద్యుణ్ణి వెంట తీసుకుపోదాం. గొర్రెల మంద దగ్గర ఆగి ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం: "ఈ పొట్టేలు ఎన్నేండ్ల సంది ఉన్నది?"