బత్తా ఆదాయమా? ఖర్చా?

సినిమావాళ్లకు డబ్బు లెక్క తెలియదని లోకంలో ఒక మాట ఉంది. ఉత్త మాట! ప్యాకప్ చెప్పగానే బత్తా కవరు కోసం నిలబడేవాళ్లను ఒక్కసారి చూడండి, రూపాయి దగ్గర కూడా లెక్క తప్పరు. తెలియనిదల్లా ఆ కవరులోది ఆదాయమా, ఖర్చా అన్నదే.

1950ల నాటి మద్రాసులో ఈ తలనొప్పి తక్కువ. విజయా వారి దగ్గర నటీనటులు నెలజీతం మీద పనిచేశారు. ఎన్.టి. రామారావుగారూ అలా పనిచేసినవారే. ఇప్పుడు అంతా పిక్చరుకో ఒప్పందం. ఉద్యోగి కాదు గనక, తన లెక్క తనే చూసుకోవాలి.

మొన్న నాకు బాగా తెలిసిన కేరెక్టర్ నటుడొకాయన మండిపడుతూ వచ్చాడు. పేరు రాస్తే వేషాలు తగ్గుతాయని భయపడుతున్నాడు గనక రాయను. గోదావరి అవుట్‌డోరుకు సొంత కారులో వెళ్లాడు. పారితోషికం ఎనభై వేలు. పెట్రోలు, లాడ్జి, తిండి కలిపి పాతిక వేలు. అంతా ఒకే బిల్లులో రాసిచ్చాడు. కంపెనీ లక్షా అయిదువేల మీద పది శాతం, అంటే 10,500 టి.డి.ఎస్. కోసింది. "ఏమండీ, నేను తిన్న ఇడ్లీకీ పన్నేనా? అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల ఇది!" అన్నాడు.

కంపెనీ అన్యాయం చేసిందా? లేదు. ఒకే బిల్లులో ఖర్చులు కలిపి రాస్తే మొత్తం మీదే కోయాలని పన్నుల బోర్డు 1995లోనే వివరణ ఇచ్చింది. పారితోషికానికి ఒక బిల్లు, అయిన ఖర్చులకు రసీదులతో మరో బిల్లు ఇచ్చిన సందర్భాల్లో, ఖర్చుల బిల్లు మీద కోయనక్కర్లేదని తీర్పులున్నాయి. అలాగైతే కోత ఎనిమిది వేలే. రసీదులు అడగకుండా రోజుకింత అని చేతిలో పెట్టే బత్తా మాత్రం ఆదాయమే సుమా! అందులోంచి నిజంగా ఖర్చయినదే తీసేయొచ్చు.

ఏది ఖర్చు? పూర్తిగా వృత్తి కోసమే అయినది. ఊరు దాటి లొకేషనుకు వెళితే ప్రయాణం, బస, అక్కడి భోజనం చూపించొచ్చు. ఫిలింనగర్‌లో ఇల్లు పెట్టుకుని, అక్కడే మిత్రులతో బిర్యానీ తిని "కథాచర్చలు" అని రాస్తే ఆడిటరుగారు నవ్వుతారు. యూనిట్ భోజనం తిన్నరోజు మీల్సు బిల్లు పెట్టడం మరీ అన్యాయం. నగదు చెల్లింపులోనూ మెలికుంది: ఒక్కరికే ఒకరోజులో పదివేలు దాటి నగదు ఇస్తే, మినహాయింపులున్న కొన్ని సందర్భాల్లో తప్ప, ఆ ఖర్చు ఒప్పుకోరు.

రసీదులు దాచడం చేతకాని వాళ్లకు ఇంకో దారి ఉంది. వచ్చిన మొత్తంలో సగం ఆదాయమని చూపి మిగతా సగం ఖర్చు కింద వదిలేయొచ్చు. ఏడాది రాబడి యాభై లక్షల లోపు ఉండాలి, నగదు అయిదు శాతం మించకపోతే డెబ్బై అయిదు లక్షలు. ఈ దారి పట్టాక ప్రయాణం, భోజనం అంటూ విడిగా ఏమీ తీసేయకూడదు, అన్నీ ఆ సగంలోనే. 1961 చట్టంలో దీన్ని 44ఏడీఏ అనేవారు. 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చి సెక్షన్ల అంకెలు మార్చింది.

పాత రూల్సులో "ఫిల్మ్ ఆర్టిస్టు" అంటే నటుడు, కెమెరామన్, దర్శకుడు, అసిస్టెంట్ డైరెక్టరు, ఎడిటరు, గాయకుడు, రచయిత, డ్రెస్ డిజైనరు... ఇలా పెద్ద జాబితాయే రాశారు. అందులో మేకప్‌మన్ లేడు! మొహానికి రంగుపూసి దేవుణ్ణి చేసేవాడు ఆర్టిస్టు కాదట. నాకిది మింగుడుపడలేదు.

మనవాడి ఖర్చులు రాబడిలో మూడోవంతే. అందుకే సగం దారి పట్టమన్నాను. ఏడాదికి పదిహేను లక్షలొస్తే ఆదాయం ఏడున్నర. 2025-26 నుంచి కొత్త విధానంలో పన్నెండు లక్షల దాకా మామూలు ఆదాయానికి పన్ను కట్టనక్కర్లేదు గనక, కోసిన టి.డి.ఎస్. అంతా రిటర్ను వేస్తే వెనక్కొస్తుంది. "ఫీజు గడువు ఈ నెలే గదండీ, రీఫండు ఎప్పుడో!" అన్నాడు. అదీ నిజమే. కోత ముందు, వాపసు తర్వాత.

అందుకే ఇప్పుడు రెండు బిల్లులు రాస్తున్నాడు. మొన్నో ప్రొడక్షన్ మేనేజరు రెండో బిల్లు తిరగేసి, "టిఫిను మేమే పెట్టాంగదండీ, మళ్లీ లాడ్జి టిఫినేమిటి?" అన్నాట్ట. ఆ ఒక్క లైను కొట్టేసి మిగతాది పాస్ చేశాడు.