సాయంత్రం దాకా ఓపీ

కేరళలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గ్రామ పంచాయతీ అజమాయిషీలో నడుస్తుంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలను పంచాయతీలకు బదలాయించే వీలు కల్పించింది. తాగునీరు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, కుటుంబ సంక్షేమం, స్త్రీ శిశు అభివృద్ధి అందులోవే. చాలా రాష్ట్రాల్లో ఇది కాగితాల మీదే ఉండిపోయింది. కేరళ మాత్రం ఆస్పత్రులతోపాటు డబ్బునూ కిందికి పంపింది. 1996లో ప్రజా ప్రణాళిక మొదలైనప్పుడు, ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇవ్వాలని నిర్ణయించారు. డాక్టర్ల జీతాలు, బదిలీలు ఆరోగ్య శాఖవే. భవనం, మందుల కొరత, అదనపు సిబ్బంది వంటివి పంచాయతీ చూసుకోగలదు.

ఈ అధికారం పేదింటికి ఎలా పనికొస్తుందో ఓపీ వేళల్లోనే కనిపిస్తుంది. ఓపీ మధ్యాహ్నానికే మూసేస్తే రోగి కూలీ పోతుంది, తోడు వచ్చిన మనిషి కూలీ పోతుంది. చీటీ ఉచితమే, మందులూ ఉచితమే, అయినా ఆ ఇంటికి వైద్యం ఖరీదైనదే. బీపీ, షుగర్ మాత్రలు అయిపోయినా నెలల తరబడి ఆస్పత్రి గడప తొక్కకపోవడానికి ఇదొక పెద్ద కారణం. 2017లో మొదలైన ఆర్ద్రం మిషన్ కింద ప్రాథమిక కేంద్రాలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, ఓపీని సాయంత్రం దాకా పొడిగించారు. అందుకు కావాల్సిన అదనపు డాక్టర్లను, సిబ్బందిని చాలాచోట్ల స్థానిక సంస్థలే పెట్టుకున్నాయి.

మంచాన పడ్డవాళ్ల సంగతి ఇంకా బరువైనది. సేవంతా ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది. కోడలో కూతురో పనికి వెళ్లడం మానుకోవాల్సి వస్తుంది. కేరళ 2008 నాటి పాలియేటివ్ కేర్ (ఉపశమన సంరక్షణ) విధానం వీళ్లకు ఇంటి దగ్గరే సేవ అందించే బాధ్యతను పంచాయతీలకు ఇచ్చింది. నర్సు ఇంటికే వచ్చి పుండ్లకు కట్టు కడుతుంది, మూత్రపు గొట్టం మారుస్తుంది, ఒత్తిడి పుండ్లు పడకుండా రోగిని ఎలా పక్కకు తిప్పాలో ఇంటివాళ్లకు చూపిస్తుంది.

అయినా కేరళలో అందరికీ ఇది సమానంగా అందిందని చెప్పలేం. రాష్ట్రంలో వెయ్యి జననాలకు శిశు మరణాలు సుమారు 12గా ఉన్న 2013లోనే, పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడిలో ఆదివాసీ పసికందులు వరసగా చనిపోయారు. తల్లుల్లో రక్తహీనత, తిండి చాలకపోవడం, భూమి చేజారడం దాని వెనక ఉన్నాయి. రాష్ట్ర సగటు ఎంత బాగున్నా ఆ గూడేలు అందులో కనబడవు. ఆ తర్వాత కుడుంబశ్రీ మహిళా సంఘాలతో ఊళ్లలో సామూహిక వంటశాలలు పెట్టించారు. మాత్రలతో తీరని లోటును కొంతైనా తీర్చిన ప్రయత్నమిది.

తెలుగు రాష్ట్రాల్లోనూ పనికొచ్చే సాధనాలున్నాయి. హైదరాబాద్ బస్తీ దవాఖానాలు 2018లో మొదలై, పేదల వాడల్లోకే డాక్టరును తెచ్చాయి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు స్థానిక సంస్థల ద్వారా ఖర్చయ్యేలా 70,051 కోట్ల రూపాయల ఆరోగ్య గ్రాంట్లు సిఫార్సు చేసింది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఎన్నికైన ప్రతినిధే అధ్యక్షత వహించాలన్నది జాతీయ మార్గదర్శకం. టీకా తప్పిన పిల్లలు, రక్తం తక్కువైన గర్భిణులు, కొళాయి రాని ఇళ్లు ఏ వాడలో ఎక్కువో ఆశా కార్యకర్తకు తెలుసు. కమిటీ సమావేశంలో ఆ వివరాలు వాడల వారీగా చదివి, ముందు వెనకబడిన వాడకే నిధి కేటాయిస్తే చాలు. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.