ప్రేమ కవితలో పదచిత్రం, దైవ ప్రస్తావన: అన్వయించే పద్ధతి

4.3.1 విషయ పరిచయం

ప్రేమ కవితలో గుడి, దీపం, నది, దేవుడి పేరు కనిపించగానే చాలామంది విద్యార్థులు 'ఇది భక్తి కవిత' అనో, 'ఇది అలంకారం మాత్రమే' అనో రాస్తారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. ఆ ప్రస్తావన ప్రేమించే ఇద్దరి మధ్య ఎలాంటి సంబంధాన్ని సూచిస్తోందో చూడాలి. ఈ భాగంలోని ముఖ్యాంశం ఇదే.

4.3.2 నేపథ్యం

అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో వేంకటేశ్వరుడు, 17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు నాయకులు. అక్కడ దేవుడే ప్రియుడు. నాయిక విరహాన్ని పరమాత్మ కోసం జీవాత్మ పడే తపనగా వ్యాఖ్యానించే సంప్రదాయం ఉంది. భావకవిత్వంలో ఈ దిశ మారింది. ప్రియురాలే ఆరాధ్య దేవత అయింది. 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనం నాటికి బలపడిన స్త్రీవాదం ఇలాంటి ఆరాధనను కూడా ప్రశ్నించేలా చేసింది. దేవతను చేసి పూజిస్తే, ఆమెకు మనిషిగా మాట్లాడే హక్కు మిగులుతుందా?

4.3.3 ఉదాహరణ

ఈ పాఠం కోసం రాసిన కింది పంక్తులు చదవండి. వికారాబాద్ జిల్లా దోమ మండలంలోని ఒక రైతు యువతి, నగరానికి వెళ్ళిన ప్రియుడిని తలచుకుని అంటున్న మాటలుగా వీటిని ఊహించండి.

అనంతగిరిలో సన్నని ధారవి,
నగరం చేరాక నీ నీళ్ళలో నా ముఖం కనిపించలేదు.
శేషుడి మీద నిద్ర చాలు స్వామీ,
కంది చేను పూత రాలుతోంది.

మూసీ నది అనంతగిరి కొండల్లో పుట్టి హైదరాబాదు మీదుగా పారుతుంది. నగరంలో దాని నీరు కలుషితమవుతుంది. ఇక్కడ నీటి తేటదనం పోవడం ప్రియుడి మనసు మారడానికి ప్రతీక.

అనంతగిరిపై అనంతపద్మనాభస్వామి ఆలయం ఉంది. శేషశయనుడైన విష్ణువుకే ఆ పేరు. మరి 'స్వామీ' అన్న పిలుపు ఎవరికి? దేవుడికైతే అది వాన కోసం ప్రార్థన. ప్రియుడికైతే నిష్ఠూరం. కవిత రెండింటికీ చోటిచ్చింది. నీరు అందకపోతే కంది పూత కాయ కట్టకముందే రాలిపోతుంది. అంటే ఆమె దగ్గర ఎక్కువ సమయం లేదు. ఆమె ప్రియుడిని దేవుడి స్థానంలో నిలిపినా చేతులు జోడించి ఊరుకోలేదు, జవాబు అడుగుతోంది. ఈ ప్రస్తావనకు బలం అక్కడ ఉంది.

4.3.4 అన్వయ క్రమం

1. ముందుగా వాచ్యార్థం గ్రహించండి. నది, పంట, ఆలయం నిజంగా ఎలాంటివో తెలుసుకోండి.
2. ప్రస్తావన వెనుక ఉన్న పురాణ కథను, స్థల విశేషాన్ని గుర్తించండి.
3. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో, వారిలో ఎవరికి మాట్లాడే అవకాశం ఉందో గమనించండి.
4. మీ అన్వయానికి కవితలోని పదాన్నే ఆధారంగా చూపండి. మూసీ పేరు తట్టింది కదా అని పై పంక్తులను కాలుష్యంపై కవితగా తేల్చకూడదు. చివరి రెండు పంక్తులు ఆ అర్థానికి లొంగవు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై కవితలో 'స్వామీ' అన్న పిలుపుకు గల రెండు అర్థాలను వివరించండి.
2. మీ ఊరి గుడి, దర్గా లేదా చర్చి ప్రస్తావనతో నాలుగు పంక్తుల ప్రేమ కవిత రాసి, పై క్రమంలో అన్వయించండి.