రేడియోతో నడపు చిన్నవిమానములు

చేతులకు పనియు, కన్నులకు గురియు, మనస్సునకు ఓర్పును ఒక్కసారి నేర్పు ఆటలు లోకమున మిక్కిలి కొలదిగ నున్నవి. అట్టివానిలో రేడియోతో నడపు చిన్నవిమానములను కట్టి ఎగురవేయుట ఒకటి. ఇది ధనవంతుల వేడుక యనియు, మగపిల్లల పనిలేని ఆట యనియు పలువురు గృహిణులు తలచుచున్నారు. ఆ తలంపు సరికాదని చూపుటకును, ఇంట నొక బిడ్డ ఈ విద్యను కోరినయెడల తల్లి ముందుగ తెలిసికొనవలసిన సంగతులను విడమరచి చెప్పుటకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరు పేటలు చదువుల పేటలు. తెలుగు బాలికలకై 1928లో వెలసిన మాడపాటి హనుమంతరావుగారి పాఠశాల నారాయణగూడలోనిదే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువజనులు ఉదయము మొదలు రాత్రివరకు కూర్చుండియే యుందురు. అశోకనగరు వీధులలో ఏ గోడ చూచినను శిక్షణాలయముల ప్రకటనలే. ఇట్టిచోట పెరుగు పిల్లలకు తెల్లవారిన ట్యూషను, ప్రొద్దుగ్రుంకిన ట్యూషను, నడుమ దొరికిన తీరికకు సెల్‌ఫోను. సంక్రాంతి దినములలో డాబాలపై గాలిపటము లెగురవేయునప్పుడు మాత్రమే వారు తల యెత్తి ఆకాశమును చూచెదరు. అయితే సోదరీమణులారా, గాలిపటమునకు సూత్రము కట్టి, తోక సవరించి, గాలివాలు కనిపెట్టి ఎగురవేయ నేర్చిన బిడ్డకు విమానవిద్యలో మొదటి పాఠము వచ్చినట్లే.

కొయ్యపక్షిని కీలుతో ఆకాశమున నడపవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. పంచతంత్రములోని సాలెవాని కథ మనము వినినదే. వాని మిత్రుడగు వడ్రంగి కొయ్యతో గరుత్మంతుని చేసి, కీలు త్రిప్పిన ఎగురునట్లు అమర్చి యిచ్చెను. ఇది కథ. కథను నిజము చేయుటకు ఎన్నో బొమ్మలు ఎగిరి పడవలసి వచ్చినది. 1871లో ఆల్ఫోన్సు పెనో అను ఫ్రెంచి యువకుడు మెలిపెట్టిన రబ్బరు బలముతో నడచు చిన్నవిమానమును పారిసునగర ఉద్యానమున ఎగురవేసెను. అది 11 సెకనులపాటు, సుమారు 40 మీటరుల దూరము ఎగిరెను. 1878లో అమెరికాలో ఒక తండ్రి పెనో పద్ధతి ననుసరించి చేసిన ఎగురు బొమ్మను తన యిద్దరు కొడుకులకు తెచ్చియిచ్చెను. ఆ బాలురే రైటు సోదరులు, విల్బరు, ఆర్విలు. వారి తల్లి సూసను బండ్లుచేయు వాని కూతురు. ఇంటిలో పనిముట్టు పట్టి వస్తువులు చేయుట, బాగుచేయుట తండ్రికంటె ఆమెకే బాగుగ తెలియును. ఆమె తన పిల్లలకు ఆటవస్తువులు స్వయముగ చేసియిచ్చెడిది. 1903లో ఆ కుమారులు మనుష్యుని మోయు విమానము నెగురవేసిరి. తల్లి చేతి పనితనము బిడ్డల యందు ఎంత దూరము పోవునో దీనివలన ఊహించుకొనవచ్చును.

దారము లేకయే దూరమునుండి నడపు ఉపాయమును 1898లో నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కులో ఒక చిన్నపడవపై చూపెను. దానిని చిన్నవిమానములకు తెచ్చినవారిలో ముఖ్యులు అమెరికాలోని గుడ్ సోదరులు. వారి విమానము 1937లో రేడియో ఆజ్ఞకు లోబడి ఎగిరెను. అది నేడు వాషింగ్టనులోని వస్తుప్రదర్శనశాలలో భద్రముగ నున్నది.

మన నగరమునకును విమానములకును చుట్టరికము పాతదే. నిజాము రాజ్యకాలపు బేగంపేట విమానాశ్రయమునుండి దక్కను ఎయిర్‌వేసువారి విమానములు నడచెడివి. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు మారిపోయినను, బేగంపేటలో విమానముల చప్పుడు పూర్తిగ ఆగలేదు. నేషనలు కేడెటు కోరువారి వాయువిభాగమున చిన్నవిమానములు కట్టుట శిక్షణలోని యొక భాగము. అందు బాలికలకును ప్రవేశము కలదు. పిల్లల కళాశాలలో అట్టి విభాగ మున్నదేమో తల్లులు విచారించుట మంచిది. గురువు చెంత నేర్చిన విద్య శీఘ్రముగ పట్టువడును, ఖర్చును తగ్గును.

విమానము మాట వినుట ఎట్లు?

పిల్లవాని చేతిలోని పెట్టెకు ట్రాన్సుమిటరు అని పేరు. దానిపై రెండు పుల్ల లుండును. పుల్లను కదల్చినంతనే ఆజ్ఞ రేడియోతరంగముగ వెడలి, విమానములోని రిసీవరును చేరును. రిసీవరు ఆ యాజ్ఞను సర్వో లను చిన్నయంత్రములకు పంచి యిచ్చును. సర్వో తన చేతిని కొంచెము త్రిప్పగా, దానికి కట్టిన తీగ తోకలోని పలకను కదల్చును. అడ్డముగ నున్న పలక ముక్కును పైకి క్రిందికి త్రిప్పును. నిలువుగ నున్న చుక్కాని కుడియెడమలకు త్రిప్పును. మోటారు వేగమునకు వేరొక ఆజ్ఞ. ఈ మూడు చాలును, తొలివిమానము ఎగురుటకు. ఱెక్కల చివరల నుండు పలకల పని తరువాత నేర్చుకొనవచ్చును.

పూర్వ మొకే మైదానమున ఇద్దరు ఒకే తరంగముపై ఆజ్ఞ లిచ్చినయెడల ఒకరి విమానము మరియొకరి మాట విని నేలగూలెడిది. ఇప్పటి పెట్టెలు 2.4 గిగాహెర్ట్జుల తరంగములపై పనిచేయుచు, తమ రిసీవరును మాత్రమే గుర్తుపట్టును గాన ఆ చిక్కు చాలవరకు తీరినది.

సామగ్రి, వ్యయము

కట్టుటకు తగిన తొలివిమానము ఱెక్క పైభాగమున నుండునది. దాని ఱెక్క రెండు కొనలును కొంచెము పైకి ఎత్తి యుండవలెను. అట్టి ఱెక్క గల విమానము ప్రక్కకు ఒరిగినను తనంత తానే సరిపడజూచును. ఒక మీటరు వెడల్పుగల ఱెక్కతో, అన్నియు కలిపి 500 మొదలు 700 గ్రాముల బరువుతో నున్నది చాలును. యుద్ధవిమానములవలె మిలమిలలాడు బొమ్మలను పిల్లలు కోరుదురు. అవి వేగముగలవి, కొత్తచేతికి లొంగవు. వానిని మొదట కొనవలదు.

తేలికయగు బాల్సాకొఱ్ఱ దక్షిణ అమెరికా దేశమునుండి వచ్చునది, వెల యెక్కువ. నేర్చుకొనువారికి స్టేషనరీ అంగళ్లలో దొరకు ఫోముబోర్డే మేలు. విరిగిన అతుకుట సులభము. కాగితముపై నమూనా గీసి, ఆ గీతవెంట కత్తిరించి, మడత పెట్టి అతుకుట రవికె కుట్టువారికి తెలియని విద్యయా? ఎడమఱెక్క కుడిఱెక్కతో సరిపోవలె ననుట ఎడమచేయి కుడిచేతితో సరిపోవలె ననుట వంటిదే. వెదురుపుల్లలు బలమునకు, సైకిలు చువ్వలు సర్వోతీగలకు పనికివచ్చును. తీగలు, అతుకు సామాను కోఠీ గుజరాతీగల్లీ అంగళ్లలో దొరకును.

వ్యయము మాట దాచుట తగదు. పెట్టె, మోటారు, సర్వోలు, బ్యాటరీ, ఛార్జరు అన్నియు చేరి పదివేల రూపాయల ప్రాంత మగును. సామాన్య సంసారమునకు ఇది చిన్నమొత్తము కాదు. అయితే పెట్టె ఒకసారి కొనిన పలు విమానములకు పనిచేయును, మోటారును సర్వోలును విరిగిన విమానమునుండి తీసి క్రొత్తదానికి పెట్టవచ్చును. మాటిమాటికి పోవునది ఫోముబోర్డు మాత్రమే. ఇద్దరు మువ్వురు పిల్లలు కలిసి ఒకే పెట్టె కొనుట ఉత్తమము. అంతకుముందు కంప్యూటరుపై అభ్యాసము చేయు ఆట నొకటి నెలదినములు ఆడనిండు. అప్పటికిని ఉత్సాహము తగ్గనిచో డబ్బు వెచ్చింపవచ్చును.

తల్లి స్వయముగ చూడవలసినవి

ఇందు నిజమైన అపాయము బ్యాటరీలో నున్నది. లిథియం పాలిమరు బ్యాటరీ చూచుటకు చిన్నపొట్లము, కోపించిన నిప్పు. దీనిలో ఒక్కొక్క గది నిండుగ నున్నప్పుడు 4.2 వోల్టులు మించరాదు. వాడుకలో 3.5 కంటె దిగనీయరాదు. దాచిపెట్టునప్పుడు 3.8 వద్ద నుంచవలెను. దానికై చేసిన ఛార్జరుతోనే ఎక్కింపవలెను. 2200 మిల్లీఆంపియరు అవర్ల బ్యాటరీకి 2.2 ఆంపియర్లకు మించకుండుట క్షేమము. వంటయింటిలోను, గ్యాసుసిలిండరు దగ్గరను, పరుపుపైనను ఛార్జి పెట్టరాదు. రాత్రి పెట్టి నిద్రపోరాదు, పెట్టి యిల్లు విడువరాదు. గచ్చునేలపై పెట్టి, ప్రక్కన ఇసుకబకెట్టు నుంచుకొనుడు. ఉబ్బిన బ్యాటరీని ఎంత వెల పెట్టి కొనినను మరల వాడరాదు. దానిని చెత్తబుట్టలో వేయక ఎలక్ట్రానిక్ చెత్త సేకరించువారికి ఇయ్యవలెను. ఈ నియమములు గోడపై వ్రాసి యంటించిన ఇంటిలోనే ఈ విద్యకు అనుమతి యుండవలెనని మా యభిప్రాయము.

రెండవది మోటారుకు బిగించు పంకా. అది నిమిషమునకు వేలసార్లు తిరుగును, వ్రేలు తగిలిన కోయును. ఇంటిలో పరీక్షించునప్పుడెల్ల దానిని ఊడదీసియే పరీక్షింపవలెను. మైదానమున దానికి ఎదురుగ ఎవ్వరును నిలువరాదు. ముందు చేతిపెట్టెను వెలిగించి, తరువాత విమానమునకు బ్యాటరీ తగిలింపవలెను. ముగించునప్పుడు ముందు విమానము, తరువాత పెట్టె. ఈ వరుస తప్పినచో మోటారు తలవని తలంపుగ తిరుగవచ్చును.

ఎక్కడ ఎగురవేయవలెను?

మా పేటలలో ఇందుకు తగినచోటు లేదు. డాబాలు, కరెంటుతీగలు, జనము. ఇందిరాపార్కు గాని, ఎన్.టి.ఆర్. స్టేడియము గాని ఇందుకు కాదు. బేగంపేట విమానాశ్రయము చిక్కడపల్లికి ఆరేడు కిలోమీటరుల దూరముననే యున్నది. 2021 ఆగస్టు 25న భారత ప్రభుత్వము ప్రకటించిన డ్రోను నియమములను ప్రతిగృహమును తెలిసికొనవలెను. 250 గ్రాముల లోపలివి నానో తరగతి, ఆపై 2 కిలోలవరకు మైక్రో తరగతి. వినోదమునకై యెగురవేయు ఈ రెంటికిని పైలటు అనుమతిపత్రము అక్కరలేదు. కాని ఎక్కడనైనను ఎగురవేయవచ్చునని దీని యర్థము కాదు. విమానయానశాఖవారి డిజిటలు స్కై పటమున ఆకాశము ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ భాగములుగ విభజింపబడినది. ఎఱుపు భాగమున కేంద్రప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. ఆకుపచ్చ భాగముననే, కంటికి కనబడునంత దూరముననే, 400 అడుగులకు లోబడి ఎగురవేయుట మేలు. నమోదు మొదలగు విధులను కూడ బయలుదేరకముందే చూచుకొనవలెను. నగర పోలీసువారు అప్పుడప్పుడు విధించు నిషేధములను పత్రికలలో చూచుచుండవలెను. పంటకోసిన పొలము, యజమాని అనుమతి, ఆదివారము ఉదయము, ఇవి కుదిరిన చాలును.

మొదటి ఎగురుట

బయలుదేరకముందు ఱెక్క క్రింద రెండు వ్రేళ్లు పెట్టి విమానమును తూచవలెను. ఱెక్క ముందువెనుకల కొలత 20 సెంటీమీటరులైనచో, ముందంచునుండి 5 లేక 6 సెంటీమీటరుల యొద్ద అది త్రాసువలె నిలువవలెను. తోక క్రుంగిన విమానమును ఎంతటివాడును నిలుపలేడు. అట్లున్నచో బ్యాటరీని ముందునకు జరుపవలెను. తరువాత మోటారు లేక గడ్డిపై చేతితో మెల్లగ విసరి, తిన్నగ జారునో లేదో చూడవలెను.

సూర్యోదయానంతరము గంటసేపు గాలి నెమ్మదిగ నుండును. గాలికి ఎదురుగనే విడువవలెను. ముందు ఎత్తునకు పోనిచ్చి, తరువాతనే త్రిప్పవలెను. ఎత్తుననున్న విమానమునకు తప్పు దిద్దుకొనుటకు వ్యవధి యుండును. వేగము మరీ తగ్గించిన ఱెక్క గాలిని పట్టలేక విమానము కూలును. ఇంకొక చిక్కు కలదు. విమానము మనకు ఎదురుగ వచ్చునప్పుడు కుడియెడమలు తారుమారగును. అద్దములో చూచి తలదువ్వుకొను ఆడువారికి ఇది త్వరగ అర్థమగును. విమానము పోవు దిక్కుకే మనము దేహమును కొంచెము త్రిప్పి, భుజముమీదుగ చూచుట దీనికి ఉపాయము. హైదరాబాదు ఆకాశమున గ్రద్దలు విస్తారము. అవి చేరువైనయెడల దించివేయవలెను. ఎనిమిది పది నిమిషములలో బ్యాటరీ తగ్గును గనుక గడియారము చూచుచు కేక వేయువారొకరు ఉండవలెను. ఆ పని తల్లి చేసిన శ్రేష్ఠము.

విమానము కూలును. తప్పక కూలును. వారములపాటు కట్టినది క్షణములో ముక్కలైనప్పుడు బిడ్డ ముఖమును చూచుటకు తల్లికి ధైర్యము కావలెను. అప్పుడు మందలింపవలదు, క్రొత్తది కొనియిత్తునని ఓదార్పనువలదు. ముక్కలన్నియు సంచిలో నెత్తుకొని ఇంటికి రండు. ఏది ముందు విరిగినది, ఎందుకు విరిగినది అని అడుగుడు. పరీక్షలో తప్పిన మార్కులకు కారణము వెదకలేని బిడ్డయే విరిగిన ఱెక్కకు కారణము వెదకి చెప్పును. అంకెలతో నిండిన ఈ పేటలలో, తప్పినను మరల కట్టుకొనవచ్చునని చేతితో తెలిసికొనుట పిల్లలకు మిక్కిలి అవసరము.

కడపట నొక్కమాట. ఇంట కొడుకును కూతురును ఉన్నచో, పెట్టె కొడుకు చేతిలోను, సంచి కూతురు చేతిలోను ఉంచవలదు. 1936లో సరళా థక్రాలు చీరకట్టుతోనే విమానము నడపి అనుమతిపత్రము పొందెను. తెలుగునాట పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపుటంచువరకు పోయివచ్చెను. మన కూతుండ్రందరును అంతదూరము పోనక్కరలేదు. పొలములో నిలిచి, తాను కట్టినది తన మాట విని తిరుగుచుండగా చూచిన యొక్క ఉదయము చాలును. ఈ వేసవి సెలవులలో ఫోముబోర్డు నొకటి కొని, ఱెక్క నమూనాను తల్లీబిడ్డలు కలిసి గీయ నారంభింపుడు.